వీసా లేదంటే అడిగెటోడు లేడని కాదు

ఈ రెండేండ్ల సంది మా దిక్కు పోరగాండ్ల నోట్ల ఒక మాట మస్తు తిరుగుతున్నది. "థాయ్‌లాండ్‌కు వీసా అక్కర్లేదంట అన్నా, టికెట్ కొంటే అయిపాయె" అని. మాట అబద్ధం కాదు, సగం నిజం. మిగిలిన సగం రీల్స్‌ల చెప్పరు, ఎందుకంటె అది చెప్తె లైకులు రావు.

నేను మండలంల ఆన్‌లైన్ సెంటర్ నడుపుత. పాస్‌పోర్టు దరఖాస్తులు, పాన్ కార్డులు, పరీక్ష ఫీజులు, అన్నీ చేస్త. ఇంతకుముందు గల్ఫు టికెట్లు ప్రింట్ తీసుకునేటందుకు వచ్చెటోళ్లు. ఇప్పుడు బ్యాంకాక్ టికెట్లు గూడ వస్తున్నయి. కొందరు నలుగురు దోస్తులు కలిసి ఐదు రోజులు తిరిగొద్దామని పోతున్నరు, మంచిదే. ఇంకొందరు మాత్రం ఒక్కొక్కలే వస్తరు, ఫోన్ల ఎవడో పంపిన పీడీఎఫ్ చూపిస్తరు, "అన్నా, ఇది ప్రింట్ తియ్యి" అంటరు. హోటల్ బుకింగ్ ఏ ఊర్లనో వాళ్లకే తెల్వదు. ఆ రెండో రకం తమ్ముళ్ల కోసమే ఇది రాస్తున్న. మొదటి రకపోళ్లకు గూడ పనికొస్తది.

ముందుగాల అసలు సంగతి. 2023 నవంబర్ 10 కంటె ముందు మనోళ్లు థాయ్‌లాండ్ పోవాలంటె ముందే వీసా తీసుకోవాలె, లేకుంటె అక్కడ దిగినంక 2,000 బాత్‌లు కట్టి 15 రోజుల వీసా ముద్ర ఏపిచ్చుకోవాలె. కరోనాల టూరిస్టులు లేక వాళ్ల హోటళ్లు, మార్కెట్లు శానా దెబ్బతిన్నయి. అందుకని ఆ నవంబర్ సంది మన పాస్‌పోర్టుకు 30 రోజుల దాక వీసా లేకుండ రానిచ్చిన్రు. 2024 జూలై 15 సంది దాన్ని 93 దేశాలకు కలిపి 60 రోజులు చేసిన్రు. ఇండియా అండ్ల ఉన్నది. మల్ల 2025 లనే, ఇది దుర్వినియోగం అయితున్నది, 30 కి తగ్గించాలె అన్న మాట అక్కడి టూరిజం మంత్రి నోట్నే వచ్చింది. అంటె ఏందన్నట్టు? ఈ రోజుల లెక్క వాళ్లు ఇచ్చిన సౌలతు, వాళ్లు ఎప్పుడంటె అప్పుడు మారుస్తరు. టికెట్ కొనే రోజు ఢిల్లీల ఉన్న థాయ్ ఎంబసీ సైటు తెరిచి చూడాలె. పోయిన యాడాది మీ దోస్తు పోయొచ్చిన లెక్క ఈ యాడాదికి పనికి రాకపోవచ్చు.

ఇగ వీసా అంటే ఏందో జర చెప్పుకుందాం, ఎందుకంటె గడబిడంత గక్కడ్నే ఉన్నది. వీసా అంటె పైసలు తీసుకోని ఇచ్చే గేట్ పాస్ అనుకుంటరు మనోళ్లు. వీసా దరఖాస్తు పెడితె ఎంబసోడు నిన్ను నాలుగు సవాళ్లు అడుగుతడు. ఎందుకు పోతున్నవు? ఎన్ని రోజులుంటవు? పైసలు ఎక్కడివి? ఎప్పుడు తిరిగొస్తవు? వీసా లేదంటె ఈ సవాళ్లు రద్దు కాలేదు. అడిగే జాగ మారింది, అంతే. ఇంతకుముందు నువ్వు నీ ఇంట్ల ఉన్నప్పుడే "కాదు" అనెటోళ్లు. ఇప్పుడు బ్యాంకాక్ ఎయిర్‌పోర్టుల, నువ్వు టికెట్ పైసలు పెట్టినంక, రాత్రంత నిద్ర లేకుండ పోయి లైన్ల నిలబడ్డంక "కాదు" అనొచ్చు. నన్నడిగితె ముందుగాల అనిపిచ్చుకునుడే చవ్వ.

ఈ సవాళ్లు మూడు కాడ అడుగుతరు. మొదటి కాడ శంషాబాద్‌ల ఎయిర్‌లైన్ కౌంటర్. "నాకు టికెట్ ఉన్నది, వీళ్లేంది అడిగేది" అని శానామంది గరమైతరు. కారణం ఉన్నది. నిన్ను అవుతలి దేశపోళ్లు వాపస్ పంపితె, నిన్ను మల్ల ఎక్కించుకొని తెచ్చే బాధ్యత ఆ విమాన కంపెనీదే. శానా దేశాలల్ల పైనకెల్లి జుర్మానా గూడ ఏస్తరు. అందుకే వాళ్ల కంప్యూటర్ల ఏ దేశానికి ఏ కాయిదం కావాలెనో మొత్తం ఉంటది, దాన్ని చూసే బోర్డింగ్ పాస్ ఇస్తరు. పోయేటి టికెట్ ఒక్కటే ఉండి వచ్చేటిది లేకుంటె అక్కడ్నే ఆగిపోతవు. ఒరిజినల్ పాస్‌పోర్టు చినిగినా, తడిసి ఫోటో కాడ ఉబ్బినా గూడ ఆపుతరు. టికెట్ మీద పేరు పాస్‌పోర్టు మీద పేరు తీర్గ ఉండాలె. మన దిక్కు ఇంటిపేరు ఒక కాయిదంల ముందుంటది, ఇంకోదాంట్ల ఎనకుంటది, మూడోదాంట్ల ఒట్టి అక్షరమే ఉంటది. టికెట్ బుక్ చేసేటప్పుడు ఆధార్ చూసి కొట్టకున్రి, పాస్‌పోర్టు ముంగట పెట్టుకొని కొట్టున్రి. పాస్‌పోర్టు గడువు గూడ దిగే రోజుకు ఆరు నెలలు ఉండాలె. నాలుగు నెలలు ఉన్నది గదా, ఐదు రోజులకే గదా పోయేది అంటె నడ్వదు.

రెండో కాడ మన ఇమిగ్రేషన్. వీళ్లు ఇండియా సర్కారోళ్లు. "నా దేశంకెల్లి నేను పోతుంటె నన్నెందుకు అడుగుతున్నరు" అని అనిపిస్తది. ఇక్కడ మన ఊర్ల పోరగాండ్లకు తెల్వాల్సిన ముచ్చట ఒకటున్నది, అదే ఈసీఆర్. పదో తరగతి పాస్ కానోళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ముద్ర ఉంటది. అంటె కొన్ని దేశాలకు నౌకరికి పోవాలంటె సర్కారు దగ్గర ముందుగాల క్లియరెన్స్ తీసుకోవాలె. 1983 ల వచ్చిన ఎమిగ్రేషన్ చట్టం కింద ఇట్ల పద్దెనిమిది దేశాలు ఉన్నయి. సౌదీ, కువైట్, ఖతర్, ఒమన్, దుబాయి ఉన్న యూఏఈ, బహ్రెయిన్, ఇవి అందరికీ తెలుసు. థాయ్‌లాండ్, మలేషియా గూడ ఆ పద్దెనిమిదిల ఉన్నయని మా దిక్కు నూటికి పది మందికి గూడ తెల్వదనుకుంట. టూరుకు పోతె ఈ క్లియరెన్స్ అక్కర్లేదు. నౌకరికి పోతె కావాలె. అందుకే ఈసీఆర్ పాస్‌పోర్టుతోని, ఇరవై రెండేండ్ల పోరడు, ఒక్కడే, ఇదివరకు ఏ దేశం పోనోడు, బ్యాంకాక్ టికెట్ పట్టుకొని వస్తె ఆ సారు రెండు ప్రశ్నలు ఎక్కువ అడుగుతడు. వాపస్ టికెట్ చూపియ్యమంటడు, హోటల్ ఎక్కడంటడు, పైసలు ఎన్ని తీసుకపోతున్నవంటడు, ఏం పని చేస్తవంటడు. జవాబులు పొంతన లేకుంటె విమానం ఎక్కనియ్యరు. దాన్నే ఆఫ్‌లోడ్ చేసుడు అంటరు.

ఆఫ్‌లోడ్ అయినోళ్లు వచ్చి నా సెంటర్‌ల కూసొని సర్కారును తిట్టిన్రు. పైసలు పోయినయి గదా, బాధుంటది. గాని నాకు మాత్రం ఆ సారు అడిగిన తీరు తప్పనిపించలే. ఎందుకో ముందుకు చెప్త.

మూడో కాడ అసలు గేటు. బ్యాంకాక్‌ల సువర్ణభూమి, డాన్ మువాంగ్ అని రెండు ఎయిర్‌పోర్టులు. మనోళ్లు ఎక్కువ దిగేది ఈ రెండింట్లనే. దిగక ముందే ఒక పని ఉన్నది. 2025 మే 1 సంది థాయ్‌లాండ్ పోయే విదేశీయులందరు టీడీఏసీ అనే డిజిటల్ అరైవల్ కార్డు నింపాలె. దిగే రోజుకు మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌ల నింపాలె. పాస్‌పోర్టు నంబర్, విమానం నంబర్, ఉండే హోటల్ అడ్రసు కొట్టాలె, ఒక క్యూఆర్ కోడ్ వస్తది. ఇది ఉత్తగనే, రూపాయి గూడ తీసుకోరు. గాని గూగుల్‌ల ఎతికితె అచ్చం సర్కారు సైటు లెక్క కనిపించే సైట్లు మీదికి వస్తయి, వెయ్యి, రెండు వేలు గుంజుతయి. అసలు సైటు అడ్రసు చివర గో డాట్ టీహెచ్ అని ఉంటది, మన సర్కారు సైట్లకు గవ్ డాట్ ఇన్ ఉన్నట్టు. అది లేకుంటె బందు చెయ్యున్రి. ఇది వీసా కాదు, ఇది ఉంటె లోపలికి రానిస్తరని గ్యారంటీ గూడ కాదు. పాతకాలంల విమానంల ఒక చిన్న కాయిదం ఇచ్చి నింపమనెటోళ్లు, దానికి బదులు వచ్చింది.

కౌంటర్ కాడ ఆఫీసరు ముద్ర ఏసుడు, ఏయకపోవుడు అతని ఇష్టం, అంటె చట్టం ఇచ్చిన ఇష్టం. థాయ్‌లాండ్ ఇమిగ్రేషన్ చట్టం 1979 ది. అండ్ల ఎవలను రానియ్యొద్దో రాసి ఉన్నది. బతకనీకి తగిన పైసలు లేనోళ్లను, కూలి పని చేసేటందుకు వచ్చెటోళ్లను వాపస్ పంపొచ్చని ఉన్నది. అందుకే పైసల లెక్క అడుగుతరు. మనిషికి 20 వేల బాత్‌లకు సరిపోను చూపిచ్చేటట్టు పోవాలె. మన రూపాయిలల్ల యాభై వేలకు మీదనే. అందర్నీ అడగరు. అడిగిననాడు "మా దోస్తు దగ్గర ఉన్నయి", "కార్డుల ఉన్నయి సార్" అంటె ఒప్పుకుంటడా లేదా అతని మీద ఉంటది. నోట్లు చేతిల ఉంటె వాదన ఉండదు. ఫారెక్స్ లైసెన్స్ ఉన్న కాడ మార్చుకొని రశీదు పెట్టుకోవాలె. ఎయిర్‌పోర్టు బయట నిలబడి "తక్కువకిస్త" అనెటోని దగ్గర తీసుకునుడు మంచిది కాదు.

మా దోస్తులతోని నేను ఒకసారి పోయిన. నా ముంగట లైన్ల మన తెలుగు పోరడే ఉన్నడు, బ్యాగు గూడ కొత్తది. "హోటల్?" అని అడిగితె ఫోన్ చూపించిండు. "ఎన్ని రోజులు?" అంటె "ఫిఫ్టీ" అన్నడు. ఫోన్ల బుకింగ్ రెండు రోజులకే ఉన్నది, వాపస్ టికెట్ వారానికి ఉన్నది. ఆఫీసరు ఒక్క మాట గట్టిగ అనలే. పాస్‌పోర్టు పక్కకు పెట్టి, ఎనకకెల్లి ఇంకొకాయనను పిలిచి, ఆ పోరన్ని ఒక అర్రలకు తోల్కపోయిన్రు. మేము బ్యాగులు తీసుకొని బయటకు వచ్చేదాక ఆ పోరడు రాలే. ఎవడో "ఫిఫ్టీ డేస్ అను, ఎక్కువ అంటె ఏం కాదు, వీసా-ఫ్రీ గదా" అని చెప్పి ఉంటడు. ఇక్కడ సమజ్ చేసుకోవాల్సింది ఏందంటె, 60 రోజులు అనేది గరిష్ఠం. నీ టికెట్, నీ హోటల్, నీ పైసలు, నీ మాట, నాలుగు ఒకదానికి ఒకటి అతకాలె. ఐదు రోజుల టూరుకు పోయెటోడు ఐదు రోజులే చెప్తడు.

ముద్ర ఏసినంక దాని మీద ఒక తారీఖు ఉంటది, ఆ రోజు దాక ఉండొచ్చు అని. దాటితె రోజుకు 500 బాత్‌ల జుర్మానా, మొత్తం 20 వేల బాత్‌ల దాక. "కడితె అయిపాయె" అనుకోకున్రి. తొంభై రోజులు దాటినంక నీ అంతట నువ్వే పోయి ఒప్పుకుంటె ఏడాది దాక మల్ల రానియ్యరు. నువ్వు ఒప్పుకోక ముందే పోలీసోళ్లు పట్టుకుంటె, దాటింది ఏడాది లోపలే అయినా ఐదేండ్లు నిషేధం, ఏడాది మీదైతె పదేండ్లు. ఇంకో ముచ్చట, ఈ-సిగరెట్లు, వేప్‌లు అక్కడ నిషేధం. మనోళ్లు ఫోటోలకు స్టైల్‌గ ఉంటదని జేబుల పెట్టుకొని పోతరు. వద్దు.

ఇగ అసలు రాయాల్సిన కాడికి వచ్చిన.

వీసా లేకుండ పోయినోడు అక్కడ నౌకరి చెయ్యొద్దు. ఒక్క రోజు గూడ. అక్కడ పని చెయ్యాలంటె నాన్ ఇమిగ్రెంట్ బి అనే వేరే వీసా, దాని మీదికెల్లి వర్క్ పర్మిట్ కావాలె. పర్మిట్ లేకుండ పని చేస్తె 5 వేల బాత్‌ల కాడ్నుంచి 50 వేల దాక జుర్మానా, ఆ తర్వాత దేశంకెల్లి పంపిచ్చుడు. "ముందుగాల టూరిస్టుగ పో, అక్కడికి పోయినంక కంపెనీ వీసా మారుస్తది" అని ఏ ఏజెంటన్న చెప్తె, అతను నిన్ను తప్పు దోవలకు దించుతున్నడన్నట్టే.

మన ఊర్లల్ల ఒక అలవాటు ఉన్నది. నలభై ఏండ్ల గల్ఫు వలస నేర్పిన అలవాటు. ఎవలన్న కొడుకు దేశం పోతున్నడంటె ముసలోళ్లు సుత అడుగుతరు, "వీసా వచ్చిందా? ఏ వీసా? కంపెనీదా, ఆజాదా, విజిటా?" అని. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు చదువు రాని అవ్వకు గూడ ఆ తేడా తెలుసు. విజిట్ మీద పోతె గోస పడతడని తెలుసు. ఎంతోమంది జైళ్లకు పోయి, ఎంతోమంది శవపెట్టెలల్ల వచ్చి, ఆ అవ్వకు ఆ తెలివి వచ్చింది. థాయ్‌లాండ్ కాడికి వచ్చేవరకు ఆ సవాలే మాయమైంది. "వీసా వచ్చిందా బిడ్డా?" అంటె "దీనికి వీసానే అక్కర్లేదు అవ్వా" అంటున్నడు. అవ్వ గూడ సంబురపడుతున్నది, పైసలు మిగిలినయి అనుకుంటున్నది. నాకు భయమయ్యేది గక్కడ్నే. మోసం చేసెటోనికి వీసా ఒక అడ్డం. దొంగ వీసా చెయ్యాలె, ముద్ర ఎయ్యాలె, దొరికే భయం ఉంటది. వీసానే లేదంటె వానికి ఆ కష్టం గూడ లేదు. టికెట్ కొనుడే.

ఈ మోసం ఎట్ల నడుస్తదో మన విదేశాంగ శాఖ 2022 సెప్టెంబర్‌లనే హెచ్చరిక ఇచ్చింది. థాయ్‌లాండ్‌ల డిజిటల్ సేల్స్, మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్ నౌకర్లని ఆశ చూపి ఐటీ చదివిన పోరగాండ్లను తీసుకపోతున్నరని, బార్డర్ దాటిచ్చి మయన్మార్‌ల పెట్టి కాల్ సెంటర్ మోసాలు, క్రిప్టో మోసాలు చేపిస్తున్నరని చెప్పింది. టెలిగ్రామ్‌లనో ఇన్‌స్టాలనో నౌకరి ప్రకటన వస్తది. ఇంటర్వ్యూ ఫోన్ల అయిపోతది, టైపింగ్ స్పీడ్ చూస్తరు, ఇంగ్లీష్ నాలుగు ముక్కలు మాట్లాడమంటరు. టికెట్ వాళ్లే పంపుతరు. బ్యాంకాక్‌ల కారు వచ్చి ఉంటది. ఆ కారు బ్యాంకాక్ ఊర్లకు పోదు. పడమర ఉత్తరం దిక్కు దగ్గర దగ్గర ఐదు వందల కిలోమీటర్లు పోతది, మే సోట్ అనే ఊరికి. ఆ ఊరి పక్కకెల్లి మోయి అనే నది పారుతది, మన వాగంత ఉంటది. అవుతలి ఒడ్డు మయన్మార్, ఊరి పేరు మ్యావడీ. పడవల రాత్రిపూట దాటిస్తరు. పాస్‌పోర్టు గుంజుకుంటరు. కేకే పార్క్ లాంటి పెద్ద పెద్ద కాంపౌండ్లు, చుట్టు గోడలు, కాపలకు తుపాకులోళ్లు.

అక్కడికి పోయినంక పని ఏందంటె, మన లెక్కటి మనుషులకే ఫోన్ల మెసేజ్‌లు పెట్టి, దోస్తీ చేసి, పెట్టుబడి అని నమ్మిచ్చి ముంచుడు. టార్గెట్ కాకుంటె కొట్టుడు, కరెంట్ షాకులు పెట్టుడు, తిండి బందు చేసుడు. పోతనంటె ఇంటికి ఫోన్ చేపిచ్చి లక్షలు అడుగుడు. తిరిగొచ్చినోళ్లు పోలీసులకు, పేపరోళ్లకు చెప్పిన మాటలే ఇవి. మన హైదరాబాద్‌ల, కరీంనగర్ల ఎవని బ్యాంకు ఖాతనన్న ఖాళీ అయితె, ఆ మెసేజ్ కొట్టింది మన ఊరి పోరడే అయుండొచ్చు, ఎనక ఒకడు కట్టె పట్టుకొని నిలబడి ఉండంగ.

చదువు లేనోళ్లే పోతరనుకోకున్రి. 2025 జనవరిల వాంగ్ షింగ్ అనే చైనా సినిమా నటుడు షూటింగ్ ఉన్నదంటె బ్యాంకాక్ పోయిండు. కారెక్కిచ్చి నేరుగ మ్యావడీల తేలిచ్చిన్రు. దొరికేవరకు గుండు చేసి ఉన్నరు. ఆయన కోసం చైనాల పెద్ద లొల్లి అయింది, అందుకే కొద్ది రోజులల్లనే బయటపడ్డడు. ఆ లొల్లి తర్వాతనే, ఫిబ్రవరి 5 న థాయ్‌లాండోళ్లు బార్డర్ అవుతలికి పోయే కరెంటు కట్ చేసిన్రు. కాంపౌండ్లకెల్లి మనుషులు బయటకు రాబట్టిన్రు. మార్చి 10, 11 తారీఖులల్ల మన ఎయిర్ ఫోర్స్ విమానాలు మే సోట్‌కు పోయి 283 మందిని, 266 మందిని, మొత్తం 549 మందిని తెచ్చినయి. అండ్ల మన తెలంగాణోళ్లు, ఆంధ్రోళ్లు గూడ ఉన్నరు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో వాళ్ల వాంగ్మూలం తీసుకొని ఏజెంట్ల మీద కేసులు పెట్టింది. అయిపోయిందనుకున్నం. అదే ఏడాది అక్టోబర్‌ల మయన్మార్ సైన్యం కేకే పార్క్ మీద పడితె మల్ల వందల మంది మనోళ్లు నది దాటి ఉరికొచ్చిన్రు. నవంబర్ 6 న 270 మంది, 10 న 197 మంది వచ్చిన్రు. అంటె మార్చి తర్వాత గూడ పోయినోళ్లు పోతనే ఉన్నరు.

ఇట్ల ఉరికొచ్చినోళ్లను థాయ్‌లాండోళ్లు మొదలు పట్టుకొని పెట్టిన్రు. ఎందుకు? పాస్‌పోర్టు మీద థాయ్‌లాండ్ నుంచి పోయినట్టు ముద్ర లేదు, మయన్మార్ల దిగినట్టు ముద్ర లేదు. చట్టం కంట్ల వాళ్లు దొంగతనంగ బార్డర్ దాటినోళ్లు. బాధితుడే నేరస్తుడైనట్టు. ముద్ర లేకుండ దేశం దాటితె మన మీద ఎవనికీ లెక్క ఉండదు, అది మాత్రం మతిల పెట్టుకోవాలె.

ఇదొక్క థాయ్‌లాండ్ కథ కాదు. ఇరాన్ 2024 ఫిబ్రవరి 4 సంది మనోళ్లకు వీసా లేకుండ 15 రోజులు రానిచ్చింది, ఆరు నెలలకు ఒకసారి, విమానంలనే, టూరుకే. ఏజెంట్లు ఏం చేసిన్రు? వేరే దేశాలకు పంపుతమని చెప్పి పోరగాండ్లను ఇరాన్‌ల దించిన్రు. అక్కడ కిడ్నాప్ చేసి ఇండ్లకు ఫోన్లు చేసి పైసలు గుంజిన్రు. పంజాబ్ పోరగాండ్లు ముగ్గురు ఆస్ట్రేలియా పోతమని బయలెల్లి ఇట్లనే చిక్కిన్రు. ఆఖరికి 2025 నవంబర్ 22 సంది ఇరాన్ ఆ సౌలతునే ఆపేసింది. నిజంగ గుడులు, కోటలు చూసేటందుకు పోదామనుకున్నోనికి గూడ దోవ బందయింది.

అందుకే శంషాబాద్‌ల ఇమిగ్రేషన్ సారు అడిగిన ఎక్కువ ప్రశ్నలు నాకు తప్పనిపించయి. ఆయన మాట తీరు గరంగ ఉండొచ్చు, మన ఊరి భాష చూసి చిన్నగ చూడొచ్చు. అది అడగాల్సిన ముచ్చటే, ఇంకోసారి రాస్త. గాని ఆ ప్రశ్నకు నిజం జవాబు చెప్తే ఆగిపోయే ప్రయాణం, ఆగుడే మంచిది.

ఏజెంట్‌ను పట్టే గుర్తు ఒకటి చెప్త. జీతం ఎంత చెప్పిండు, ఆఫీస్ ఫోటోలు పంపిండా, ఇవన్ని చూసి తేల్చలేరు, అవన్ని మంచిగనే చేస్తరు. "ఎయిర్‌పోర్టుల నౌకరి అని చెప్పకు, టూరుకు పోతున్న అను, వాపస్ టికెట్ నేను పంపుత, తర్వాత క్యాన్సిల్ చేద్దాం" అన్నడా? అన్నడంటె అక్కడ్నే దిగిపోవాలె. నిజమైన నౌకరికి అబద్ధం చెప్పే అవసరం ఎందుకుంటది? నా సెంటర్‌కు వచ్చినోళ్లను నేను అడిగేది ఈ ఒక్కటే. ఇద్దరు ముగ్గురు మొఖం కింద పెట్టుకున్నరు. ఒకరి ఇంటికి నేనే ఫోన్ చేసిన, ఆ పోరడు నాతోని ఇప్పటికీ మాట్లాడడు. కానియ్యి.

నౌకరికి పోదల్చుకున్నోళ్లు విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ సైటుల ఏజెంట్ పేరు, లైసెన్స్ నంబర్ కొట్టి చూడున్రి. లైసెన్స్ ఉన్న ఏజెంట్ సుత 30 వేలు, మీద జీఎస్టీ కలిపి 35,400 రూపాయల కంటె ఎక్కువ తీసుకోవద్దని రూల్ ఉన్నది. మా దిక్కు లక్షన్నర ఇచ్చి రశీదు గూడ అడగరు, మిత్తికి తెచ్చి మరీ. తెలంగాణ సర్కారుదే టామ్‌కామ్ అని సంస్థ ఉన్నది, బయటి దేశాల నౌకర్లకు అదే పంపుతది. డౌట్ వస్తె ప్రవాసి భారతీయ సహాయత కేంద్రం నంబర్ 1800-11-3090 కు ఫోన్ చెయ్యొచ్చు, పైసలు పడవు.

మలేషియా పోయెటోళ్లకు కొంచెం చెప్పి వదిలేస్త. అక్కడ 2023 డిసెంబర్ 1 సంది మనకు 30 రోజులు వీసా లేదు, దాన్ని 2026 డిసెంబర్ 31 దాక పెంచిన్రు. టీడీఏసీ లెక్కనే వాళ్లకు ఎండీఏసీ ఉన్నది, అదీ మూడు రోజుల ముందే, అదీ ఉత్తగనే. మిగిలిన కథ అదే, వాపస్ టికెట్, హోటల్, పైసలు. నేపాల్‌కైతె పాస్‌పోర్టు గూడ అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు. గాని విమానంల పోయెటోళ్లు ఆధార్ ఒక్కటి పట్టుకొని పోతె ఎక్కనియ్యరు. పదిహేనేండ్ల లోపలి పిల్లలకు, అరవై ఐదు దాటినోళ్లకే ఆధార్ నడుస్తది. మా ఊరోళ్లు పశుపతినాథ్ పోయేటప్పుడు ఈ సంగతి తెల్వక ఢిల్లీల తిప్పలు పడ్డరు.

ఇప్పటికే బ్యాంకాక్‌ల ఉన్నోళ్లు ఎవలన్న ఇది చదివితె. కారు ఊరు దాటి హైవే ఎక్కిందంటె ఫోన్ల మ్యాప్ తియ్యున్రి. టాక్, మే సోట్ అన్న పేర్లు ముంగట కనిపిస్తె పెట్రోల్ బంకు కాడనో, దోవల పోలీస్ చెక్‌పోస్ట్ కాడనో మూత్రానికని దిగున్రి. అక్కడ టూరిస్ట్ పోలీస్ నంబర్ 1155, ఇంగ్లీష్ మాట్లాడుతరు. నదికి ఇవుతల ఉన్నంత సేపు నీ పాస్‌పోర్టు మీద ముద్ర ఉన్నది, నువ్వు టూరిస్టువు, నీ మాట వినే పోలీసోడు ఉన్నడు. లైవ్ లొకేషన్ ఇంటికి పంపున్రి. నాకు పంపినా సరే, నా సెంటర్ రాత్రి పది దాక తెరిచే ఉంటది.